నాలుగు ఉండాల్సిన చోట రెండు

కిందటి వారం ఆమెను మనం కంప్యూటర్ విడిభాగాల దుకాణం మెట్ల దగ్గర వదిలాం. చేతుల్లో పాత దుప్పటి చుట్టిన సీపీయూ పెట్టె. బుర్రలో ఆ పొద్దున యూనిఫాం ఫ్యాక్టరీ మేనేజరు ఫోన్‌లో అన్న మాటలు. పని బాగానే ఉంటుందని, చేతిలో మునుపటి వేగం పోయిందని, సోమవారానికి నలభై బ్యాడ్జీల డిజైన్లు రాకపోతే ఇంకొకర్ని చూసుకుంటామని అతను చాలా మర్యాదగానే చెప్పాడు. ఆ మర్యాదే ఆమెకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆమె చేసేది ఎంబ్రాయిడరీ మెషీన్లకు డిజైన్లు తయారు చేసే పని. బడి బ్యాడ్జీ అయినా, హోటల్ తువ్వాలు మీది గుర్తు అయినా, కాగితం మీది బొమ్మను కంప్యూటర్‌లో కుట్టుకుట్టుగా మార్చి, ఏ రంగు దారం ఎప్పుడు ఎక్కాలో ఎక్కడ తెగాలో ఏర్పాటు చేసి ఫైలు పంపుతుంది. ఇంటి ముందు గదిలో కూర్చుని ఎనిమిదేళ్లుగా చేస్తోంది. ఒకప్పుడు రోజుకు ఆరు డిజైన్లు దించిన చేయి ఏడాదిన్నరగా రెండు దాటడం లేదు. మొదట కళ్లనుకుని అద్దాలు మార్పించింది. తరవాత నడుమనుకుని కుర్చీ మార్చింది. ఆఖరికి, రెండోసారి కడుపు పోయాక తన బుర్రే మొద్దుబారిందని తనకు తానే తీర్పు చెప్పుకుంది. ఇంట్లో ఎవరూ కాదనలేదు.

ఒక్క ఆశ మిగిలింది. కంప్యూటర్‌కు కొత్త ప్రాసెసర్ వేయిస్తే ఈ నలభై బ్యాడ్జీలయినా గట్టెక్కుతాయేమోనని. అందుకే వచ్చింది.

దుకాణం నడిపేది నలభై దాటిన ఒక ఆడమనిషి. ఎప్పుడు చూసినా చెవి వెనక స్క్రూడ్రైవర్ ఉంటుంది కాబట్టి ఆ వీధిలో అందరూ ఆమెను స్క్రూల అక్క అంటారు. నాలుగేళ్ల కిందట ఈ పెట్టెను అమర్చి ఇచ్చిందీ ఆవిడే. గోడ నిండా అట్టపెట్టెలు, బల్ల మీద నల్ల రబ్బరు పట్టా, దాని మీద కడుపు చీల్చి పెట్టిన రెండు మూడు కంప్యూటర్లు. ఫ్యాను గాలికి బిల్లుల కాగితాలు రెపరెపలాడుతుంటే వాటి మీద బరువుగా ఒక పాత హార్డ్ డిస్కు పెట్టి ఉంది.

ఆమె ఎనిమిది కోర్లది కావాలని అడిగింది. స్క్రూల అక్క నవ్వి, అది ఎవరు నేర్పిన మాటో చెప్పమంది. పిండి కొద్దీ రొట్టె చేసుకోవాలి గానీ, చేసే పనికి నాలుగు కోర్లు చాలినప్పుడు ఎనిమిదింటికి డబ్బు తగలేయడం ఎందుకంది.

"కోర్ అంటే పొయ్యి అనుకో చెల్లీ. నీ వంటకు నాలుగు పొయ్యిలుంటే దండి. ఎనిమిది పెట్టావనుకో, నాలుగు ఊరికే గ్యాస్ తాగుతూ కూర్చుంటాయి. ఆ మిగిలే డబ్బుతో ర్యామ్ పెంచుకో, అక్కరకొస్తుంది."

అంటూ మూడు డబ్బాలు దించి బల్ల మీద పరిచింది. మొదటిది మూడింట్లోకీ చవక, కోర్లు నాలుగే, కానీ బొమ్మను తెర మీదికి పంపే భాగం లోపల లేదు. దానికి వేరే కార్డు కొనాలి, అప్పుడు చవకంతా గాలికి పోతుంది. రెండోది పైకి నాలుగని చెప్పుకుంటుంది గాని లోపల ఉన్నవి రెండే, ఇద్దరు మనుషులు నాలుగు చేతులతో పని చేస్తున్నట్టు. మూడోది కొంచెం పాత తరానిదే, అయినా నాలుగూ నిఖార్సయిన కోర్లు, బొమ్మల భాగం లోపలే ఉంది, చల్లబరిచే ఫ్యాను డబ్బాలోనే వస్తుంది. తన చెల్లెలికి కొనాల్సి వచ్చినా దాన్నే కొంటానంది స్క్రూల అక్క.

ఆమె మూడో డబ్బా చేతిలోకి తీసుకుంది. ధర తను అనుకున్న దాంట్లోనే ఉంది. కానీ ఒక సందేహం పోలేదు.

"నా దాంట్లో ఇప్పుడున్నదీ నాలుగు కోర్లదే కదక్కా. ఉన్న నాలుగే లాగలేకపోతుంటే, మళ్లీ నాలుగుది కొని ఏం లాభం?"

 స్క్రూల అక్క డబ్బా తిరిగి తీసుకుని బల్ల మీద పెట్టింది. ఏ పని దగ్గర ఆగిపోతుందో, ఎంతసేపు ఆగుతుందో అడిగింది. కుట్లు లెక్కకట్టమని నొక్కాక తెర గడ్డకట్టుకుపోతుందని, పక్కన ఇంకో బొమ్మ తెరిచి ఉంటే పది నిమిషాలయినా కదలదని ఆమె చెప్పింది. తను అమర్చిన ప్రాసెసర్ నాలుగేళ్లకే ఇంతలా చతికిలబడే రకం కాదని అక్క తల అడ్డంగా ఊపింది. కొనే ముందు ఒకసారి పెట్టె విప్పి చూద్దామంది.

దుప్పటి తీసి, పక్క పలక ఊడదీసి, బ్రష్షుతో దుమ్ము దులిపింది. ప్రాసెసర్ మీది ఫ్యానును నాలుగు స్క్రూలూ సమంగా వదులు చేస్తూ పైకెత్తింది. కింద వేడి లాగడానికి పూసిన తెల్లని పేస్టు ఉంది. అక్క దాన్ని వేలికొసతో రాసి చూసింది. దూదితో తుడిచి, దీపం దగ్గరికి లాగి, లోహం మీది సన్నని అక్షరాలు చదివింది. లేచి వెళ్లి కళ్లజోడు తెచ్చుకుని మళ్లీ చదివింది.

"ఇది నాలుగు కోర్లది కాదు చెల్లీ."

ఆమెకు ఆ మాట అర్థం కావడానికి కొంచెం సమయం పట్టింది. అక్క చిప్పును బల్ల మీద పెట్టి, ఇది రెండు కోర్లదని, తన దుకాణంలో ఉన్నవాటిలో అన్నిటికన్నా అడుగు రకమని చెప్పింది. నమ్మకం లేకపోతే కళ్లారా చూడమని మళ్లీ బిగించి, కంప్యూటర్ ఆన్ చేసి, లోపలి సంగతి చూపించే పేజీ తెరిచింది. నాలుగు కోర్లదయితే నాలుగు గళ్లు కనపడాలి. తెర మీద రెండే గళ్లున్నాయి. రెండింట్లోనూ పచ్చగీత పైకప్పుకు తగులుతూ వణుకుతోంది. పెట్టె ముందు మాత్రం, నాలుగేళ్ల కిందట అంటించిన స్టిక్కరు నాలుగు అనే అంటోంది.

ఆమె స్టిక్కరు వైపు, అక్క వైపు చూసింది. మొదట వచ్చిన ఆలోచన వచ్చినట్టే నోటివెంట వచ్చేసింది.

"అంటే మొదట్లోనే మీరు నాకు..."

స్క్రూల అక్క కోపం తెచ్చుకోలేదు. అరలోంచి నాలుగేళ్ల కిందటి బిల్లుపుస్తకం తీసి, కార్బన్ నకలు వెతికి చూపించింది. అమ్మింది నాలుగు కోర్లదే. నంబరుతో సహా రాసి ఉంది. తప్పు తనదని తేలితే కొత్తది ఊరికే ఇస్తానంది. తరవాత ఆమె చేయి పట్టుకుని పెట్టె దగ్గరికి తీసుకెళ్లి ఒక్కొక్కటే చూపించింది. తను వాడే పేస్టు బూడిదరంగుది, ఇందాక తుడిచింది తెల్లది. కాబట్టి ఎవరో తీశారు. కానీ తీసినవాడు అడ్డదిడ్డంగా తీయలేదు. స్క్రూ తలల మీద గీత పడలేదు. తుడవక ముందు పేస్టు పొర కాగితమంత పలచగా, అంచులు దాటకుండా ఉంది.

"ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నా. నాకూ ఇంత పొందిక లేదు. ఇది బాగా చేయి తిరిగిన మనిషి పని. ఇదిగో, వైరు చూడు."

ఫ్యాను వైరు ఊగకుండా తను ప్లాస్టిక్ పట్టీ వేస్తుందట. ఇక్కడ పట్టీ లేదు. నల్లని పట్టుదారంతో కట్టి ఉంది. రెండు బుల్లి ఉచ్చులు ఎదురెదురుగా వేసి, కొసలు వెంట్రుకవాసి మిగిల్చి కత్తిరించిన ముడి.

ఆ ముడి ఆమెకు తెలుసు. తొమ్మిదేళ్లుగా రోజూ చూస్తున్న ముడి అది. రిపేరుకొచ్చిన ప్రతి వాచీకీ యజమాని పేరు రాసిన చీటీని కట్టేది అదే దారంతో, అదే ముడితో. కట్టేది వాళ్ల మామగారు.

ఆమె స్టూలు లాక్కుని కూర్చుంది. స్క్రూల అక్క ఆ ముఖం చూసి సంగతి పట్టేసింది. "ఇంటి దొంగను..." అని సామెత ఎత్తుకుని, సగంలోనే మింగేసింది. మంచినీళ్లు ఇచ్చి, ఇవాళ ఏదీ కొనవద్దంది. పాత చిప్పు ఇంట్లోనే ఉంటే కొత్తది కొనే పనే లేదు, పెట్టె ఇక్కడే ఉంచి ముందు అడిగి రమ్మంది. కత్తెరతో ఆ దారాన్ని ముడి చెదరకుండా తీసి ఆమె అరచేతిలో పెట్టింది.

ఇంటికి నడిచే పావుగంట దూరమూ ఆమె ఒకే మాట తనకు తాను చెప్పుకుంది. నా బుర్ర మొద్దుబారలేదు. నా చేయి పడిపోలేదు. ఏడాదిన్నరగా నన్ను రెండు కోర్లకు కట్టేసి, నేను పరుగెత్తలేకపోతున్నానని నా చేతే అనిపించారు. ఆ మాట సంతోషం కలిగించాలి. కలిగించలేదు. ఎందుకంటే ఆ ఇంట్లో ఆమెకు అందరికన్నా దగ్గరి మనిషి మామగారు. అత్తగారు పోయాక ఆయన వంట నేర్చుకున్నది కోడలి పని ఆగకూడదని. డిజైన్లకు రంగులు ఎంచేటప్పుడు ఆమె పిలిచేది మొగుణ్ని కాదు, ఆయన్నే. భర్త చేసుంటే ఇంత దెబ్బ తగిలేది కాదేమో.

ఆయన కిటికీ దగ్గర తన చిన్న బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. కంటికి భూతద్దం, వేళ్ల మధ్య పట్టకారు, ముందు మూత తెరిచిన వాచీ. భోజనం చేశావా తల్లీ అని తలెత్తకుండానే అడిగాడు. ఆమె నల్లదారాన్ని తెచ్చి ఆయన ముందు పెట్టింది.

ఆయన భూతద్దం తీసేశాడు. దారాన్ని చూశాడు. ఇదేమిటని అడగలేదు. ఆ అడగకపోవడంతోనే ఆమెకు చివరి ఆశ పోయింది.

"ఎప్పుడు తీశారు మామయ్యా?"

"నువ్వు ఆస్పత్రి నుంచి వచ్చిన పదకొండో రోజు. నువ్వు నిద్రపోతున్నావు."

సొరుగు లాగి, అడుగునుంచి వాచీ భాగాలు దాచుకునే గుండ్రటి రేకుడబ్బా తీశాడు. మూత తిప్పితే లోపల దూది మీద చిప్పు ఉంది. ఒక్క కాలు వంగలేదు, ఒక్క మరక లేదు. ఏడాదిన్నరగా వారానికోసారి దూది మారుస్తున్నానని ఆయన చెప్పాడు, అదేదో కాస్త తప్పు తగ్గించే మాటలాగా.

ఆమె ఏడవలేదు. ఎందుకు చేశారని మాత్రం అడిగింది. ఆయన చాలాసేపు పట్టకారు తుడిచాడు. రెండోసారి కూడా బిడ్డ నిలవకపోవడానికి ఆ కంప్యూటర్ ముందు గంటల కొద్దీ కూర్చోవడమే కారణమని డాక్టరమ్మ అందట. మూడోసారి అలా కూర్చుంటే తల్లికే ముప్పు అందట. పని మానమంటే కోడలు మానదని ఇంట్లో అందరికీ తెలుసు. మానమని చెప్పి మనసు విరిచే బదులు ఈ దారి మేలనుకున్నారట.

"గడియారం తొందరపడుతుంటే లోపల చిన్న మీట ఉంటుంది తల్లీ. దాన్ని రవ్వంత జరిపితే నిదానిస్తుంది. దానికి తెలియను కూడా తెలియదు. మెషీన్ నిదానిస్తే నువ్వూ నిదానిస్తావనుకున్నాను."

"నేను నిదానించలేదు మామయ్యా. రెండు గంటల పనికి ఆరు గంటలు కూర్చున్నాను."

"చూశాను."

"చూసి?"

 అయిదో నెలకల్లా తన పొరపాటు తెలిసిందని, కోడలు మునుపటికన్నా ఎక్కువ కూర్చుంటోందని, కళ్లు వాచిపోతున్నాయని, తిరిగి పెట్టేస్తానని అప్పుడే అన్నానని ఆయన మెల్లగా చెప్పాడు.

"ఎవరితో అన్నారు?"

ఆయన కిటికీ వైపు తిరిగాడు. కిటికీ బయట ఎవరో సైకిలు గంట కొట్టుకుంటూ పోయారు. ఆమె తనే ఆలోచించింది. వాచీలు బాగుచేసే మనిషికి, కంప్యూటర్‌లో ఏ చిప్పు తీసి ఏ చిప్పు పెడితే ఎవరికీ తెలియకుండా సరిపోతుందో ఎలా తెలుస్తుంది. ఆ రెండు కోర్లది ఎక్కడి నుంచి వచ్చింది.

"వాడే తెచ్చాడు," అన్నాడు మామగారు. "డాక్టరమ్మ మాట తెచ్చిందీ వాడే."

వాడు అంటే ఆమె భర్త. బస్సు డిపోలో డ్రైవర్లకు డ్యూటీలు వేసే గుమస్తా. ఏడాదిన్నరగా ప్రతి సాయంత్రం ఆమె కుర్చీ వెనక నిలబడి, భుజాలు పిసుకుతూ, వేగం ఎవరికైనా ఎల్లకాలం ఉండదులే, వదిలెయ్ అని ఓదార్చిన మనిషి. ఆ ఓదార్పుకు ఆమె ఎన్నిసార్లు కృతజ్ఞతతో కళ్లు తుడుచుకుందో. ఆ వేళ్లు ఇప్పుడూ భుజాల మీద ఉన్నట్టే అనిపించి ఆమె భుజాలు దులుపుకుంది.

మూడున్నరకు అతను డిపో నుంచి వచ్చాడు. చెప్పులు విప్పి, చొక్కా పై గుండీ తీస్తూ లోపలికి అడుగు పెట్టి, తండ్రి బల్ల మీద మూత తెరిచిన రేకుడబ్బాను చూశాడు. తేలు కుట్టిన దొంగలా అక్కడే నిలబడిపోయాడు. తండ్రి వైపు ఒకసారి చూశాడు. ఆయన చూపు తిప్పుకున్నాడు.

అతను త్వరగానే తేరుకున్నాడు. కూర్చోమన్నాడు. అంతా నీ మంచికే అన్నాడు. నువ్వు మొండిదానివి, చెబితే వినవు, నీ ప్రాణం కన్నా బ్యాడ్జీలు ఎక్కువా అన్నాడు. డాక్టరమ్మ అంత గట్టిగా చెప్పాక ఏ మొగుడైనా అదే చేస్తాడన్నాడు. ఆమె చివరిదాకా విని, సంచిలోంచి ఫోన్ తీసింది.

"సరే. ఆ డాక్టరమ్మకే చేస్తాను. రోజుకు ఎన్ని గంటలు కూర్చోవచ్చో ఆవిడ నోటే విందాం."

"ఇప్పుడెందుకు?"

"మీకేం ఇబ్బంది?"

నంబరు వెతకడానికి ఆమె వేలు కదిలింది. అతను రెండడుగులు వేసి ఆ ఫోన్ మీద చేయి పెట్టాడు. లాక్కోలేదు, ఊరికే పెట్టాడు. ఆ చేయి చల్లగా ఉంది.

"ఆవిడ అలా అనలేదు."

మామగారు లేచిన ఊపుకు బల్ల కదిలి, విప్పిన వాచీలోని చిన్న పళ్లచక్రాలు నేల మీద చెదిరిపడ్డాయి. జీవితంలో ఒక్క స్క్రూ కూడా జారవిడవని మనిషి వాటివైపు చూడను కూడా చూడలేదు.

"ఏమన్నావురా?"

"అనలేదు నాన్నా. మెషీన్ వల్లేనని నేనే చెప్పాను."

 కోడలి కాళ్లు విరిచినంత పని తన చేత చేయించింది ఒక అబద్ధమని మామగారికి అప్పుడే తెలిసింది. ఆమెకు మాత్రం బుర్ర అద్దంలా తేటగా అయింది. రెండోసారి కడుపు పోయినప్పుడు ఆస్పత్రిలో పరీక్ష కోసం ఇద్దరి నెత్తురూ తీసుకున్నారు. తను మంచం మీద ఉంటే, ఫలితాలకు అతనొక్కడే వెళ్లాడు. వచ్చి, అన్నీ మామూలుగానే ఉన్నాయి, నీకు విశ్రాంతి కావాలంతే అన్నాడు. ఆ కాగితాలు ఆమె కంట పడనేలేదు.

తొమ్మిదేళ్ల కాపురంలో ఎన్నడూ లేనిది, ఆమె నోట అతనికి మర్యాద జారిపోయింది.

"ఆ కాగితంలో ఏముందో చెప్పు నువ్వు."

అతను గోడకు ఆనుకున్నాడు. కాగితాలు రెండు అన్నాడు. నీ కాగితంలో ఏ లోపమూ లేదు, నీకు చెప్పింది అబద్ధం కాదు అన్నాడు.

"రెండోది?"

"రెండోది నాది."

తన నెత్తురులో పుట్టుకతోనే ఒక తేడా ఉందని, తనకు ఏ ఇబ్బందీ లేకపోయినా బిడ్డ కడుపులో నిలవకపోవడానికి అదే కారణమని డాక్టరమ్మ చెప్పిందని, ఆమె కూర్చున్నా పడుకున్నా పరుగెత్తినా జరిగేది అదేనని అతను నేల చూస్తూ చెప్పాడు. సిగ్గుతో దాచి ఉంటాడని, మగవాడి పిరికితనమని ఆమె ఒక్క క్షణం అనుకుంది. ఆ ఒక్క క్షణమే జాలి కూడా కలిగింది. అది విన్నరోజు నీకెలా ఉందని అడిగింది.

అతను ఆ ప్రశ్నకు సిద్ధంగా లేడు. అందుకే నిజం జారిపోయింది.

"నాకు కొత్త కాదు. మన పెళ్లికి రెండేళ్ల ముందే ఇంకో డాక్టరు ఇదే మాట చెప్పింది."

 ఆమె ఆ మాటను మనసులోనే ఒకటికి రెండుసార్లు చదువుకుంది. బిడ్డలు నిలవడం లేదని వెళ్లినవాళ్లకే ఆ పరీక్ష చేస్తారు. పెళ్లి కాని మగవాడికి ఊరికే చేయరు.

"అప్పుడు నీ పక్కన కూర్చుని నెత్తురు ఇచ్చిన ఆడమనిషి ఎవరు?"

అతను వీధి వైపు అడుగు వేశాడు. మామగారు చెదిరిన చక్రాల మీదుగా మెల్లగా నడిచి వెళ్లి, వీధి తలుపు మూసి గడియ పెట్టాడు.